సినూరాలో కొత్త జాతి దొరికిందని ఎప్పుడు చెప్పొచ్చు?

సినూరా అంటే కణాలు గుంపుగా, అంటే కాలనీగా, బతికే బంగారు గోధుమ రంగు సూక్ష్మ శైవలం. చలికాలపు చెరువు నీటిలో దొర్లుతూ పోయే బంగారు గోధుమ బంతులను ఒకరు మైక్రోస్కోప్‌లో 400 రెట్లలో ఫోటో తీశారు, ఇది కొత్త జాతేనా అని అడిగారు. ఆ ఫోటోతో ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకు చేరొచ్చు, జాతి తేలదు.

కణాలు సన్నటి తోకలతో మధ్యలో కలిసి, బయటివైపు రెండేసి కశాభాలు (ఈదడానికి వాడే కొరడాలాంటి పోగులు) ఆడిస్తుంటే సినూరా. కణాలు జిగురు బంతి అంచున మాత్రమే ఉండి, ఒక్కో కణం లోపల ఎర్రటి కంటిచుక్క కనిపిస్తే అది యూరోగ్లీనా అనే వేరే ప్రజాతి. సినూరాకు కంటిచుక్క ఉండదు. పిండిపదార్థాన్ని పట్టిచ్చే లూగాల్ అయోడిన్ ద్రావణం వేస్తే నీలినలుపు రాకూడదు, వీటిలో పిండిపదార్థం ఉండదు కాబట్టి. నీటిని చల్లగా ఉంచి ఆ రోజే చూడండి. గది వేడిలో కాలనీలు విడిపోతాయి, ఒంటరి కణాలను చూసి, ఒంటరిగా బతికే మాలోమోనాస్ అనే మరో ప్రజాతి అనుకుంటారు. ఫార్మలిన్ వద్దు, కణాలు పగిలిపోతాయి.

అసలు గుర్తింపు కణాన్ని కప్పిన సిలికా పొలుసుల్లో ఉంది. అవి కొద్ది మైక్రాన్లే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తప్పదు. బతికున్న నమూనా చుక్కను పూత వేసిన గ్రిడ్‌పై (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో నమూనా పెట్టే చిన్న లోహపు జల్లెడ) ఆరనిచ్చి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడగండి. కడగకపోతే ఉప్పు స్ఫటికాలు పొలుసులను కప్పేస్తాయి. ఒక్క పొలుసుతో తీర్పు చెప్పకండి: కణం ముందు, మధ్య, తోక భాగాల్లో ఆకారం మారుతుంది.

పొలుసులు కూడా ఒక్కోసారి చాలవు. 1929లో కోర్షికోవ్ వర్ణించిన సినూరా పీటర్సెనీని చాలాకాలం ఒకే జాతిగా చూశారు. డీఎన్ఏ చూశాక అందులో చాలా జాతులున్నాయని తేలింది. పై స్థాయిలోనూ ఇలాగే జరిగింది. క్లోరోఫిల్ సి2 అనే వర్ణకం లేదని, కశాభాల మూలాలు సమాంతరంగా ఉన్నాయని 1987లో ఆండర్సన్ అనే శాస్త్రవేత్త సినూరానూ దాని దగ్గరి బంధువులనూ సినూరోఫైసీ అనే వేరే తరగతిగా విడదీశారు. జన్యు ఆధారాలు చూశాక చాలామంది వీటిని మళ్లీ బంగారు శైవలాల తరగతి క్రైసోఫైసీలోనే ఒక క్రమంగా (తరగతి కింది స్థాయి) ఉంచుతున్నారు.

అందుకే సన్నటి గాజు పిపెట్‌తో ఒక్క కాలనీని ఏరి, శుభ్రమైన నీటి చుక్కల్లో వరసగా కడిగి, దాని నుంచి కల్చర్ (ప్రయోగశాలలో పెంచే శుద్ధ నమూనా) పెంచండి. జాతులను వేరు చేయడానికి చదివే ఐటీఎస్, ఆర్‌బీసీఎల్ అనే డీఎన్ఏ భాగాల వరుసలూ పొలుసుల చిత్రాలూ ఆ ఒక్క కల్చర్ నుంచే రావాలి. చెరువు నీటి నుంచి నేరుగా తీస్తే రెండు జాతులు కలిసిపోయి, ఒకదాని పొలుసుకు ఇంకోదాని డీఎన్ఏ అంటగడతారు.

ఇవన్నీ కొత్త జాతి అని చూపితే, దానికి పేరు పెట్టే పత్రంలో వర్ణన లాటిన్ లేదా ఇంగ్లీషులో రాయొచ్చు. సజీవ కల్చర్ హోలోటైప్‌గా (ఆ పేరుకు ఆధారంగా నిలిచే ఏకైక నమూనా) పనికిరాదు. గ్రిడ్‌నో, జీవక్రియ ఆగేలా భద్రపరచిన కల్చర్‌నో ఏదైనా హెర్బేరియంలో (మొక్కల, శైవలాల నమూనాలు భద్రపరిచే సంస్థ) ఉంచి, దాని సంఖ్యను పత్రంలో ఇవ్వండి.