ఎనిమిదేళ్లు దాటింది... మళ్లీ కాక్‌పిట్‌లో కూర్చోగలనా?

ప్రశ్న: నా వయసు 38. 2011లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ వచ్చింది. జెట్ ఎయిర్‌వేస్‌లో బోయింగ్ 737 మీద ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) చేశాను. లాగ్‌బుక్‌లో 2,100 గంటలున్నాయి. 2017లో కాన్పుకు ముందు ఉద్యోగం మానేశాను, తర్వాత కంపెనీయే ఆగిపోయింది. ఇప్పుడు పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. మళ్లీ ఎగరాలని ఉంది. ‘ఇన్నేళ్లయ్యాక ఎవరు తీసుకుంటారు, ఉన్న డబ్బు పోగొట్టుకోవడమే’ అని ఇంట్లో అంటున్నారు. ఎయిర్‌బస్ టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేస్తే ఉద్యోగం ఖాయమని ఒక ఏజెంట్ చెబుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు ఆ ఏజెంట్‌కు పైసా కట్టకండి. ఉద్యోగం ఖాయమని చెప్పగలిగేది ఎయిర్‌లైన్ ఒక్కటే, అదీ ఆఫర్ లెటర్ మీద. మీ చేతిలో 737 అనుభవం ఉంది. దాన్ని పక్కనపెట్టి లక్షలు పోసి ఇంకో విమానం నేర్చుకోవాల్సిన అవసరం ఈరోజు మీకు లేదు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, ఆకాశ ఎయిర్, స్పైస్‌జెట్ 737లు నడుపుతున్నాయి. ఆకాశ ఒక్కటే 2024 జనవరిలో మరో 150 విమానాలకు ఆర్డర్ ఇచ్చింది.

ఇక ‘ఇప్పుడా?’ అన్న మాట. మన దేశంలో కమర్షియల్ పైలట్ 65 ఏళ్ల వరకు ఎగరవచ్చు. అంటే మీ ముందు ఇంకా 27 ఏళ్లున్నాయి. లాగ్‌బుక్‌లోని గంటలకు గడువు తీరడమంటూ ఉండదు. 200 గంటలతో శిక్షణ ముగించి మొదటి ఉద్యోగం కోసం తిరుగుతున్న పిల్లలతో మిమ్మల్ని మీరు పోల్చుకోకండి, మీ లెక్క వేరు.

అయితే గంటలు పోకపోయినా, వాటితో వచ్చిన అర్హతలు పోతాయి. లైసెన్స్ గడువును 2023లో 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెంచారు. దాన్ని చూసి చాలామంది ధీమాగా ఉంటున్నారు. లైసెన్స్ చెల్లుబాటులో ఉన్నా క్లాస్ 1 మెడికల్ (పైలట్ల ఆరోగ్య పరీక్ష), ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత), ప్రొఫిషియెన్సీ చెక్ (నైపుణ్య పరీక్ష) లేకుండా ఎయిర్‌లైన్ సీట్లో కూర్చోలేరు. పైలట్లకు పెట్టే ఇంగ్లిష్ పరీక్షలో మీది లెవెల్ 4 అయితే మూడేళ్లకు, లెవెల్ 5 అయితే ఆరేళ్లకు గడువు తీరుతుంది. లెవెల్ 6 అయితే మళ్లీ రాయక్కర్లేదు. పాత కాగితాలన్నీ బయటకు తీసి, ఏది ఏ తేదీన ముగిసిందో ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. రెన్యువల్‌కు ఏ పరీక్షలు, ఎంత ఫ్లయింగ్ అన్నది ఆ తేదీలను బట్టే తేలుతుంది.

అన్నిటికంటే ముందు మెడికల్ చేయించుకోండి. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది దీన్ని చివరికి పెట్టుకుంటారు. ఫ్లయింగ్ క్లబ్‌కు డబ్బు కట్టేసి, ఆ తర్వాత రక్తపోటు దగ్గరో చక్కెర దగ్గరో ఆగిపోతారు. చూస్తుంటే బాధగా ఉంటుంది. బరువు, హిమోగ్లోబిన్, చక్కెర, థైరాయిడ్ ముందుగా మీ డాక్టర్ దగ్గర చూపించుకుని, సరిచేసుకోవాల్సినవి సరిచేసుకున్నాకే డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) మెడికల్‌కు వెళ్లండి. కళ్లజోడు వచ్చినంత మాత్రాన అనర్హులు కారు. మందులతో అదుపులో ఉన్న థైరాయిడ్ కూడా సాధారణంగా అడ్డం రాదు. సిజేరియన్ అయినా, ఇంకే ఆపరేషన్ అయినా దాచవద్దు, డిశ్చార్జ్ సమ్మరీ వెంట తీసుకెళ్లండి.

మెడికల్ చేతికి వచ్చాక పుస్తకాలు. ఎయిర్ రెగ్యులేషన్స్, మెటియరాలజీ, నావిగేషన్ తిరగేయండి. మీరు మానేశాక చాలా మారింది. 2018, 2019ల్లో జరిగిన రెండు ప్రమాదాల తర్వాత 737లో కొత్త రకమైన 737 మ్యాక్స్‌ను ప్రపంచమంతా నేలకు దించారు. 2021 ఆగస్టులో డీజీసీఏ మళ్లీ అనుమతి ఇచ్చినప్పుడు పైలట్లకు ప్రత్యేక శిక్షణ తప్పనిసరి చేసింది. మీరు నడిపిన పాత 737కూ దీనికీ తేడా ఏమిటి, ఎంకాస్ (విమానం ముక్కును తనంతట తానే కిందికి దించే సాఫ్ట్‌వేర్) ఎందుకు పెట్టారు, అది ఎలా గాడితప్పింది, ఇప్పుడు దాన్ని ఎలా మార్చారు? ఇంటర్వ్యూలో ఇది అడక్కుండా వదలరు.

విరామం తర్వాత ల్యాండింగ్ మరిచిపోయి ఉంటానేమోనని అందరూ భయపడతారు. నిజానికి చేతికి అలవాటైన పని తొందరగానే తిరిగి వస్తుంది. వెనకబడేది వరుస. ఏ స్విచ్ తర్వాత ఏది, కంట్రోలర్ రెండు మూడు ఆదేశాలు ఒక్కసారి చెబితే వాటిని పట్టుకుని తిరిగి చెప్పడం, అప్రోచ్‌లో (దిగడానికి రన్‌వే వైపు వస్తున్నప్పుడు) వేగం చూస్తూనే ఎత్తు మరిచిపోకుండా ఉండటం. కోవిడ్ విరామం తర్వాత కొందరు అమెరికా పైలట్లు నాసా నడిపే స్వచ్ఛంద నివేదికల వ్యవస్థకు తమ పొరపాట్లు రాసిచ్చారు. చెయ్యి తప్పిందని, అలవాటు తప్పిందని వాళ్లే ఒప్పుకున్నారు. అవి కొద్ది నెలల విరామాలు, మీది ఏళ్లు. అందుకే 737 కాక్‌పిట్ పోస్టర్‌ను అసలు సైజులో ప్రింట్ తీయించి గోడకు అంటించండి. ఎదురుగా కుర్చీ వేసుకుని, స్విచ్‌ల మీద వేలు పెడుతూ, కాల్‌అవుట్లు (పైలట్లు ఒకరికొకరు చెప్పుకునే మాటలు) పైకి చెబుతూ ప్రీఫ్లైట్ నుంచి షట్‌డౌన్ దాకా రోజూ చేయండి. పిల్లలు నవ్వినా ఆపకండి. సిమ్యులేటర్‌లో (నేలమీదే విమానం నడిపినట్టు శిక్షణ ఇచ్చే యంత్రంలో) గంటకు వేలల్లో పోతుంది. ఈ వరుస అక్కడికెళ్లి నేర్చుకునే బదులు ఇంట్లోనే తెచ్చుకోండి.

సిమ్యులేటర్ రిఫ్రెషర్ ఇవన్నీ అయ్యాకే. వీలైతే ఎయిర్‌లైన్ పిలుపు వచ్చాక, అసెస్‌మెంట్‌కు కాస్త ముందు చేసుకుంటే ఆ డబ్బు అక్కరకొస్తుంది.

ఇంట్లో కూడా ఒక మాట తేల్చుకోవాలి. శిక్షణ కోసం కొన్ని నెలలు ఊరు విడిచి ఉండాల్సి వస్తుంది. బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు) హైదరాబాద్ దొరకవచ్చు, దొరకకపోవచ్చు. డ్యూటీ వేళలు బడి వేళలతో కలవవు. వారానికి 48 గంటల విశ్రాంతి అన్న కొత్త నియమం 2025 జూలై నుంచి అమల్లోకి వచ్చింది, మీలాంటి తల్లులకు అది మేలే. అయినా తెల్లవారుజామున మూడింటికి క్యాబ్ వస్తే పిల్లల్ని బడికి ఎవరు తయారు చేస్తారన్నది మీవారితో, పెద్దవాళ్లతో ఇప్పుడే మాట్లాడుకోండి. మన దేశంలో పైలట్లలో మహిళలు దాదాపు 15 శాతం. అదంతా ఇలాంటి ఏర్పాట్లు చేసుకున్న ఇళ్ల నుంచి వచ్చిందే.

ఇంటర్వ్యూలో ‘ఎందుకు మానేశారు?’ అంటే క్షమాపణ చెప్పినట్టు మాట్లాడకండి. పిల్లల కోసం ఆగాను, ఇప్పుడు వీలైంది, తిరిగి రావడానికి ఇవి చేశాను అని చెప్పి, చేసినవి చూపించండి. ఒకవేళ మెడికల్‌లో శాశ్వతంగా కాదంటే ఫ్లైట్ డిస్పాచ్ (నేల మీద నుంచి విమాన ప్రయాణాన్ని ప్లాన్ చేసే పని), గ్రౌండ్ ఇన్‌స్ట్రక్టర్ (తరగతిలో పాఠాలు చెప్పే పని) దారులున్నాయి. మీ గంటలకు అక్కడా విలువ ఉంది.

ఈ నెలలోనే మెడికల్‌కు తేదీ తీసుకోండి. ఫలితం, మీరు రాసుకున్న గడువు తేదీల కాగితం పంపితే తర్వాతి అడుగు చూద్దాం.