చంద్రగ్రహణానికీ, వేరే నక్షత్రాల గ్రహాలకీ సంబంధం ఏమిటి?

గ్రహణం వల్ల కొత్త గ్రహాలేమీ దొరకవు. దొరికిన గ్రహం మీద గాలి ఉంటే అందులో ఏం వెతకాలో మాత్రం తెలుస్తుంది.

గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, దాని అంచున ఉన్న గాలిపొర గుండా కొంత వెలుగు వడపోసుకుని మనకు చేరుతుంది. చంద్రగ్రహణంలో ఆ గ్రహం మన భూమే. భూమి చుట్టూ గాలిలోంచి వంగి వెళ్లిన ఎండే చంద్రుణ్ణి ఎర్రగా చేస్తుంది. నీడ అంచున లేత నీలి చార కనిపిస్తే అది ఓజోన్ పని: నారింజ, ఎరుపు రంగుల్ని కొంత మింగేస్తుంది.

2008 ఆగస్టు 16 గ్రహణంలో స్పెయిన్‌కు చెందిన లా పాల్మా దీవిలోని టెలిస్కోపులతో నిండు నీడలోని చంద్రుడి వర్ణపటం (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ) తీసి, నీడ బయటి చంద్రుడి వర్ణపటంతో భాగించారు. చంద్రుడి నేల రంగు, సూర్యుడి గీతలు (వాయువులు మింగిన రంగుల చోట పట్టీలో పడే నల్ల గీతలు) అలా కొట్టుకుపోతాయి. రెండుసార్లూ చంద్రుడు ఆకాశంలో దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి; లేకపోతే టెలిస్కోపు పైనున్న గాలిలోని ఆక్సిజన్, నీటి గీతలు లెక్కలో మిగిలిపోతాయి. 2019 జనవరి గ్రహణంలో హబుల్ టెలిస్కోపు అంతరిక్షం నుంచే అతినీలలోహితంలో చూసి ఓజోన్‌ని పట్టింది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. నీడ మధ్యకు చేరేది కింది పొరల్లో బాగా వంగిన వెలుగు. దూరం నుంచి భూమిని సూర్యుడికి అడ్డంగా చూసేవాళ్లకు మాత్రం సుమారు 12 కిలోమీటర్ల ఎత్తుకు కింద ఉన్న గాలిలోంచి వచ్చే వెలుగు అందదు. నీటి ఆవిరి ఎక్కువగా ఉండేది అక్కడే; కాబట్టి గ్రహణంలో కనిపించినంత నీరు వాళ్లకు కనిపించదు.