75 శాతం ఫ్లాట్లు కొన్న బిల్డర్ మిగతావాళ్ల చేత బలవంతంగా అమ్మించగలడా?

ఒంగోలులో మీ అమ్మగారుండే పాత అపార్ట్‌మెంట్‌లో 12 ఫ్లాట్లకు 9 ఒక బిల్డరే కొనేశాడని, "75 శాతం నాదే, ఇక మీరూ అమ్మి తీరాల్సిందే" అని ఒత్తిడి పెడుతున్నాడని, అది నిజమేనా అని అడిగారు. కాదండీ. శాతం లెక్క చూపించి ఒకరి ఫ్లాటు అమ్మించే అధికారం ఆయనకు లేదు. మీ అమ్మగారు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి ఫోటో, వేలిముద్ర ఇచ్చి సంతకం పెడితేనే అది అమ్మకం. చట్టం దారి తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోకూడదని రాజ్యాంగం 300ఏ అధికరణం చెబుతోంది. తొమ్మిది ఫ్లాట్లు కొన్నవాడు తొమ్మిది ఫ్లాట్ల ఓనర్ అవుతాడు, పదో ఫ్లాటుకి కాదు.

మాది నెల్లూరు, రామలింగాపురం. పదహారు ఇళ్ల అపార్ట్‌మెంట్. మాకూ ఇదే జరిగింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మా దగ్గరికి వచ్చిన మధ్యవర్తి మొదట చెన్నై పేరు చెప్పాడు. "అక్కడ మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే చాలమ్మా, పడగొట్టి కట్టేస్తున్నారు" అని. ఆ మాట అబద్ధం కాదు. తమిళనాడు 2022లో చేసిన అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టంలో అలాగే ఉంది. కానీ అది తమిళనాడు చట్టం, సరిహద్దులోని తడ దాటి ఇవతలికి రాదు. తర్వాత ముంబై, 51 శాతం అన్నాడు. అక్కడ చాలా చోట్ల ఫ్లాట్లు హౌసింగ్ సొసైటీలవి. స్థలం సొసైటీ పేరున ఉంటుంది, ఇంట్లో ఉండేవాళ్లు సభ్యులు. అందుకే అక్కడ సభ్యుల మెజారిటీకి అంత బలం. మన దగ్గర పద్ధతి వేరు. మీ అమ్మగారి రిజిస్టర్డ్ దస్తావేజులో ఫ్లాటుతో పాటు స్థలంలో అన్‌డివైడెడ్ షేర్ (విడదీయని వాటా) కూడా ఆమె పేరునే రాసి ఉంటుంది. అసోసియేషన్ మెయింటెనెన్స్ వసూలు చేసుకునే సంఘం మాత్రమే, స్థలానికి యజమాని కాదు. బిల్డర్ మనుషులే మెజారిటీ అయ్యి మీటింగ్‌లో తీర్మానం రాసుకున్నా, అది మీ దస్తావేజును కదిలించలేదు.

మయామీలో ఉండే మా అన్నయ్యగారబ్బాయి ఈ గొడవ విని అక్కడి కేసు ఒకటి చెప్పాడు. ఫ్లోరిడాలో 80 శాతం ఓట్లు పడి, 5 శాతం మంది కూడా వద్దనకపోతే కాండోమినియంని (ఎవరి ఫ్లాటు వాళ్లది, ఉమ్మడి భాగాలు అందరివీ అయిన అపార్ట్‌మెంట్) రద్దు చేసి మొత్తం అమ్మేయొచ్చని చట్టమే ఉందట. బిస్కేన్ 21 అనే భవనంలో డెవలపర్ దాదాపు అన్ని ఫ్లాట్లూ కొని, ఆ భవనం నిబంధన పత్రంలో "నూరు శాతం ఒప్పుకోవాలి" అని ఉన్నదాన్ని 80కి మార్పించాడు. అమ్మనన్న కొద్దిమంది కోర్టుకెళ్లారు. 2024లో అప్పీల్ కోర్టు, ఆ నూరు శాతం నిబంధన మార్చాలన్నా నూరు శాతం మంది ఒప్పుకోవాల్సిందేనని వాళ్ల వైపు తీర్పిచ్చింది. అలాంటి చట్టం ఉన్న చోటే పాత పత్రంలో ఒక వాక్యం వాళ్లను కాపాడింది. కాబట్టి మీరూ ముందు అమ్మగారి దస్తావేజు, అసోసియేషన్ బైలాలు రెండూ బయటికి తీసి చదవండి.

ఇక అసలు భయపడాల్సింది వేరే ఉంది. దాని గురించి ఎవరూ చెప్పరు.

భవనం నిలబడి ఉన్నంత కాలం ఉమ్మడి భాగాలను ముక్కలు చేసి పంచమని అడిగే వీలు సాధారణంగా ఉండదు. భవనం పోతే మిగిలేది ఉమ్మడి స్థలం. ఉమ్మడి స్థలమంటే పార్టిషన్ దావా, అంటే వాటాలు పంచమని కోర్టులో కేసు, వేయొచ్చు. 1893 నాటి పార్టిషన్ చట్టం ప్రకారం, పంచడం కుదరని ఆస్తిని అమ్మి డబ్బు పంచమని సగం లేదా అంతకు మించి వాటా ఉన్నవాళ్లు కోర్టును అడగొచ్చు. అప్పుడు మిగతా వాటాదారులకి ఆ వాటాను కోర్టు కట్టిన విలువకి కొనుక్కునే హక్కు ఉంటుంది కానీ, 9 ఫ్లాట్ల వాటా కొనే డబ్బు మనలాంటి వాళ్ల దగ్గర ఎక్కడిది? ఇలాంటి బిల్డర్లు కొన్న బిల్డింగ్‌ని నిర్లక్ష్యంగా వదిలేయడం వెనకున్న లెక్క ఇదే.

మా బిల్డింగ్‌లో వాళ్లు కొన్న ఫ్లాట్లన్నిటికీ తాళాలు పడ్డాయి, మెయింటెనెన్స్ ఆగిపోయింది. లిఫ్టు సెకండ్ ఫ్లోర్‌లో తలుపు సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. రిపేరుకి డబ్బులు లేవన్నారు. మోటారు కాలిపోతే మేం మిగిలిన మూడిళ్ల వాళ్లం చందాలేసుకుని వైండింగ్ చేయించాం. టెర్రస్ మీద నీళ్లు నిలిచి స్లాబు చెమ్మెక్కింది. తర్వాత ఎవరో కార్పొరేషన్‌లో అర్జీ పెట్టారు, "భవనం ప్రమాదకరంగా ఉంది" అని. పెట్టిందెవరో మీరూ ఊహించగలరు.

మేం చేసింది రెండే. మొదటిది, బిల్డర్‌కి లాయర్ ద్వారా నోటీసు: పదమూడు ఫ్లాట్లకు ఓనర్ మీరు, పదమూడు ఫ్లాట్ల మెయింటెనెన్స్ బాకీ మీది. అప్పటిదాకా "మేం మెజారిటీ" అన్నవాళ్లకి మెజారిటీ ఖర్చు కూడా తమదేనని గుర్తొచ్చింది, కొంత కట్టారు. రెండోది, సొంత ఖర్చుతో స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించి పరీక్షలు చేయించాం. పిల్లర్ల మీద చిన్న సుత్తిలాంటి రీబౌండ్ హ్యామర్‌తో కొట్టి చూశారు, కాంక్రీటు లోపల ఎలా ఉందో అల్ట్రాసోనిక్ మెషీన్‌తో చూశారు. రిపేరు చేస్తే సరిపోతుందని రిపోర్టు వచ్చింది. దాన్ని కార్పొరేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాం. మీ బిల్డింగ్ నిజంగానే ప్రమాదంగా ఉంటే మాత్రం మొండిపట్టు వద్దు, అమ్మగారిని ముందు అక్కడి నుంచి తీసుకెళ్లండి. ఖాళీ చేసినంత మాత్రాన హక్కు పోదు. పడగొట్టమని నోటీసు వచ్చినా అది గోడలకే, స్థలంలో వాటాకు కాదు.

కరెంటు, నీళ్లు ఆపడం, తాళం పగలగొట్టడం దాకా వస్తే వెంటనే పోలీసులకి రాతపూర్వకంగా ఇవ్వండి, సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (ఆ పని చేయకుండా ఆపే ఉత్తర్వు) అడగండి. బలవంతంగా బయటికి పంపితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేయాలి. ఆ గడువు దాటనివ్వకండి. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత లాయర్ దొరుకుతారు, అమ్మగారి పేరుతో అర్జీ పెట్టొచ్చు. కేసు ఫీజుల టెన్షన్ చాలా తగ్గుతుంది.

ఇంకో మాట. అమ్మకూడదని నేననడం లేదు. మా పైఇంటి రిటైర్డ్ మాస్టారు, మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లు ఎక్కలేక, మంచి రేటుకే అమ్మేశారు. ఆయన చేసిన తెలివైన పని ఒక్కటే, పాత ఫ్లాటు చదరపుటడుగుల మీద బేరం ఆడలేదు. మా స్థలం 80 అంకణాలు, అంటే నెల్లూరు లెక్కన 640 గజాలు. ఒక్కో ఫ్లాటుకి 5 అంకణాలు వస్తుంది. ఆ వీధిలో అంకణం ఎంత పలుకుతోందో కనుక్కుని, ఆ రేటు మీదే పట్టుబట్టారు. పాత గోడలకి రేటు కట్టించుకుంటే నేల ఉచితంగా ఇచ్చినట్టే.

కొత్త బిల్డింగ్‌లో ఫ్లాటు ఇస్తామంటే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ తెస్తారు, అంటే స్థలంలో కట్టి అమ్ముకునే అధికారం బిల్డర్‌కి రాసిచ్చే ఒప్పందం. దాన్ని ఇంటికి తెచ్చుకుని లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టొద్దు. అలాంటి జీపీఏని తర్వాత రద్దు చేసుకోవడం చాలా కష్టం. ఏ ఫ్లోర్‌లో ఏ ఫ్లాటో ప్లాను మీద గుర్తు పెట్టించుకోవాలి, కట్టేదాకా అద్దె ఎవరిస్తారో, ఆలస్యమైతే ఎంతో రాయించుకోవాలి. స్థలం 500 చదరపు మీటర్లు, ఫ్లాట్లు 8 రెండూ దాటి, కొన్ని ఫ్లాట్లు బయటివాళ్లకు అమ్మేదైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు వచ్చాకే పడగొట్టాలని షరతు పెట్టండి.

మాది ఇంకా తేలలేదు. మిగిలిన రెండిళ్ల వాళ్లం కలిసే మాట్లాడుతున్నాం, విడివిడిగా ఎవరింటికొచ్చినా కాఫీ ఇచ్చి పంపిస్తున్నాం. మీ మూడిళ్ల వాళ్లూ అలా ఒక మాట మీద ఉన్నారా? అమ్మగారి దస్తావేజు చివర్లో షెడ్యూల్ ఉంటుంది, అందులో అన్‌డివైడెడ్ షేర్ ఎన్ని గజాలని ఉందో, మీ వీధిలో గజం రేటెంతో రాయండి. బిల్డర్ ఇస్తానంటున్న రేటు న్యాయమో కాదో లెక్క చూసి చెప్తాను.