నూటపది శాతం దిగుబడి ఎక్కడిది?

ప్రశ్న: వెనిలిన్ (1.52 గ్రా.)ను ఇథనాల్‌లో సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరించి, ఇథైల్ ఎసిటేట్‌తో వేరుచేసి ఆరబెట్టాను. వెనిలైల్ ఆల్కహాల్ 1.54 గ్రాములు రావాలి, 1.70 వచ్చింది! ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో (హైడ్రోజన్ కేంద్రకాల అయస్కాంత అనునాదంతో అణువు నిర్మాణాన్ని చూపే పరీక్ష) 1.26, 2.04, 4.12 పీపీఎం స్థానాల దగ్గర అదనపు పీక్‌లున్నాయి. వెనిలిన్ మిగిలిపోయిందని నా స్నేహితురాలు అంటోంది. మళ్లీ చేయాలా? స్పెక్ట్రం జతచేశాను.
– ఎమ్మెస్సీ విద్యార్థిని, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: అక్కర్లేదమ్మా. వెనిలిన్ ఉంటే దాని ఆల్డిహైడ్ ప్రోటాన్ 9.8 దగ్గర కనిపించి తీరాలి. మీ స్పెక్ట్రంలో ఆ చోటు ఖాళీ. 4.6 దగ్గర రెండు ప్రోటాన్ల కొత్త పీక్, అంటే ఆల్కహాల్‌లోని CH₂ది, వచ్చింది. చర్య పూర్తయినట్టే.

ఇక ఆ మూడు పీక్‌లు. 1.26ది ట్రిప్లెట్ (మూడు గీతలు), 4.12ది క్వార్టెట్ (నాలుగు గీతలు), రెండింటిలోనూ గీతల మధ్య ఎడం 7.1 హెర్ట్జ్. అంటే ఆ రెండూ ఇరుగుపొరుగు ప్రోటాన్లు, ఇథైల్ సమూహానివి. ఇథనాల్ అనుకుంటారేమో! దాని ట్రిప్లెట్ కూడా ఇంచుమించు అక్కడే వస్తుంది, కానీ క్వార్టెట్ 3.7 దగ్గరే ఆగిపోతుంది. 4.12 దాకా వెళ్లిందంటే ఆక్సిజన్‌కు అవతల కార్బొనిల్ (C=O) ఉంది. 2.04 దగ్గరి సింగ్లెట్ (ఒకే గీత) ఆ కార్బొనిల్‌ను అంటుకున్న మిథైల్‌ది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ ఎన్ఎంఆర్ పట్టేసింది: మీరు వాడిన ఇథైల్ ఎసిటేటే.

పీణ్యలోని ఒక మందుల ల్యాబ్‌లో పనిచేసినన్నాళ్లూ, వంద దాటిన దిగుబడి చెప్పినవారిని నేను మొదట అడిగేది ఒకటే: "సాల్వెంట్‌ను కూడా తూచారా?" మీరు తూచారు. ఎంత తూచారో ఇంటిగ్రేషన్, అంటే పీక్‌ల వైశాల్యాల కొలత, చెబుతుంది. 3.9 దగ్గరి మిథాక్సీ పీక్‌ను 3 అనుకుంటే 1.26 పీక్ వైశాల్యం 0.9. రెండూ మూడేసి ప్రోటాన్లవే కాబట్టి, మీ ఆల్కహాల్ అణువులు పదింటికి ఇథైల్ ఎసిటేట్ అణువులు మూడు. అణుభారాలు 154, 88 కాబట్టి బరువులో 154కు 26.4 (0.3 × 88). 1.70 గ్రాములలో అసలు సరుకు 1.45, దిగుబడి 94 శాతం. రికార్డులో ఇదే రాయండి, లెక్కతో సహా.

అన్నట్టు, మీ పక్కనే ఉన్న ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో జి. సూర్యన్ ప్రవహించే ద్రవాల్లో ఈ ఎన్ఎంఆర్ అనునాదాన్ని పరిశీలించి 1951లోనే ప్రచురించారు. భౌతిక శాస్త్రవేత్తలు బ్లాక్, పర్సెల్‌ల బృందాలు దీన్ని బయటపెట్టి అప్పటికి ఐదేళ్లే.

సాల్వెంట్ పోవాలంటే పదార్థాన్ని కొద్దిపాటి డైక్లోరోమీథేన్‌తో కలిపి రోటరీ ఎవాపరేటర్ (ఒత్తిడి తగ్గించి ఆవిరి చేసే పరికరం) మీద రెండు మూడుసార్లు ఆవిరి చేసి, తర్వాత వాక్యూమ్ పంపు మీద ఉంచండి. మళ్లీ స్పెక్ట్రం తీస్తే ఆ మూడు పీక్‌లూ 3:3:2 నిష్పత్తి తప్పకుండా తగ్గాలి. 2.04 ఒక్కటే మొండికేస్తే అది వేరేదానిది కావచ్చు; ఆ స్పెక్ట్రం కూడా పంపండి.