కార్యకర్త ఇల్లు ముందా, తటస్థుడి ఇల్లు ముందా?

ప్రశ్న: మాది పత్తికొండ దగ్గర ఒక పల్లె. మా పార్టీకి బూత్ ఏజెంటుగా పనిచేస్తున్నాను. మొన్న మండల మీటింగులో పెద్ద గొడవైంది. కుర్రోళ్లేమో ‘మనోళ్లలో ఊపు తెస్తే చాలు, తటస్థులు గాలి ఎటుంటే అటే వస్తారు’ అన్నారు. ఒక పెద్దాయన లేచి ‘మనోళ్ల ఓటు ఎక్కడికీ పోదు, తటస్థుల ఇళ్లకు పోండి’ అన్నాడు. అమెరికాలో కూడా పార్టీలు ఇదే విషయం మీద కొట్లాడుకుంటాయని ఒక పిల్లోడు ఫోన్‌లో చూపించాడు. మీరు కాలేజీలో పాలిటిక్స్ చెప్పిన సారు కదా, ఏది కరెక్టో చెప్పండి.
— ఒక కార్యకర్త, కర్నూలు జిల్లా

జవాబు: నేను మీ పెద్దాయన పక్షం. ఎందుకో చెప్పేముందు అమెరికా సంగతి తేల్చేద్దాం. అక్కడ అధ్యక్ష ఎన్నికల్లో ఓటు హక్కున్నవాళ్లలో 2016లో సుమారు 60 శాతం, 2020లో సుమారు 66 శాతం మంది ఓటేశారు. ఆ 66 శాతమే అక్కడ వందేళ్లకు పైగా చూడని పోలింగ్! అంటే ప్రతి పార్టీకీ ఇల్లు కదలని సొంత ఓటర్లు లక్షల్లో ఉంటారు. వాళ్లను లేపితే గెలుస్తామనే వాదనకు అక్కడ బలముంది. అలాంటి దేశంలో కూడా సొంతవాళ్లు చప్పట్లు కొట్టే మాటలనే నమ్ముకుని చిత్తయినవాళ్లున్నారు. 1964లో రిపబ్లికన్ గోల్డ్‌వాటర్‌కు 50 రాష్ట్రాల్లో 6 దక్కాయి. 1972లో డెమోక్రాట్ మెక్‌గవర్న్ గెలిచిన రాష్ట్రం ఒక్క మసాచుసెట్స్.

మన రాష్ట్రంలో 2024లో పోలింగ్ దాదాపు 82 శాతం. మిగిలిన 18 శాతంలో చనిపోయినా లిస్టులో పేరు తీయనివాళ్లు, పెళ్లయి వేరే ఊరికి పోయిన ఆడపిల్లలు, రెండు చోట్ల పేరున్నవాళ్లు పోగా మీ కుర్రోళ్లు లేపడానికి ఎంతమంది మిగులుతారు?

ఇప్పుడు అసలు లెక్క చూడండి. 2019లో తెలుగుదేశం ఘోరంగా ఓడి 23 సీట్లకు పడిపోయింది. ఓట్లు మాత్రం 39 శాతం. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ 151 నుంచి 11 సీట్లకు పడిపోయింది. దానికీ వచ్చిన ఓట్లు 39 శాతమే. రెండు పార్టీలూ అంత చెడ్డ కాలంలో కూడా తమవాళ్లను నిలబెట్టుకున్నాయి. కదిలింది నడిమివాళ్లు. 2019లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ విడివిడిగా తెచ్చుకున్న ఓట్లన్నీ కలిపినా 45 శాతం పైచిలుకే. కలిసి పోటీచేసిన 2024లో 55 శాతం దాటాయి. కాబట్టి అది పొత్తు కూడికతో మాత్రమే వచ్చింది కాదు. పది శాతం మంది నిజంగానే మనసు మార్చుకున్నారు. ఆ పది శాతం మన సీమలో ఏం చేసిందో మీరు కళ్లారా చూశారు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో 2019లో 14కు 14 వైఎస్సార్ కాంగ్రెస్‌వి, 2024లో దానికి మిగిలినవి ఆలూరు, మంత్రాలయం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 12 నుంచి సున్నా.

మీ బూత్‌లో 820 మంది ఓటేశారనుకోండి. రాష్ట్రం లెక్క ప్రకారం చెరో 39 శాతం, అంటే చెరో 320 మంది ఎటూ కదలరు. మిగిలిన 180 మందే మీ పని. ఇంకో సంగతి. ఇంట్లో పడుకున్న మీ మనిషిని తెస్తే మీకు ఒక ఓటు పెరుగుతుంది. అవతలికి వేసేవాడిని ఇటు తెస్తే మీకొకటి పెరిగి వాళ్లకొకటి తగ్గుతుంది, తేడా రెండు.

అయితే తటస్థుడంటే టీవీ చర్చల్లో చెప్పే మధ్యేమార్గం మనిషి అనుకోవద్దు. మీ ఊళ్లో అతను టమాటా రైతు. పత్తికొండ మార్కెట్లో ధర పడిపోయి గంపలు రోడ్డు మీద పారబోసినప్పుడు ఎవరొచ్చి నిలబడ్డారో గుర్తుపెట్టుకుంటాడు. హంద్రీ–నీవా నీళ్లు చెరువుకు ఎప్పుడొస్తాయని అడుగుతాడు. అతనికి మీ నాయకుడి మీద భక్తీ లేదు, అవతలి నాయకుడి మీద పగా లేదు. మీ కుర్రోళ్లు స్టేటస్‌లో పెట్టే తిట్లు అతని ఇంటి ఆడవాళ్లు చదివినప్పుడు ఏమనుకుంటారో ఒక్కసారి అడగండి. మనోళ్లకు ఊపు తేవడమంటే అవతలివాళ్లను తిట్టడమే అన్నట్టు తయారైంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది.

గత రెండు ప్రభుత్వాలూ ఈ విషయంలో రెండు పాఠాలు చెప్పాయి. 2014 తర్వాత జన్మభూమి కమిటీల్లో పార్టీవాళ్లను కూర్చోబెట్టి, పెన్షన్ ఎవరికి రావాలో వాళ్ల చేతిలో పెట్టారు. కార్యకర్తకు గౌరవం దక్కింది, ఏ పార్టీకీ చెందని ముసలమ్మ వాళ్ల గుమ్మం ముందు నిలబడాల్సి వచ్చింది. 2019 తర్వాత పూర్తిగా రెండోవైపు పోయారు. 50 ఇళ్లకొక వాలంటీరు, బటన్ నొక్కితే ఖాతాలో డబ్బు. మధ్యలో కార్యకర్త ‘మరి నేనెందుకు’ అని అడిగే స్థితికి వచ్చాడు. పోనీ తటస్థుడైనా నిలిచాడా? భూ హక్కుల చట్టం మీద రైతుల్లో భయం పుట్టింది, పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ నచ్చలేదు. ఆ భయాన్ని ఇంటింటికీ పోయి తీర్చాల్సిన కార్యకర్త అప్పటికే చల్లబడి ఉన్నాడు. మీ పెద్దాయన మాటకు నేను కలిపేది ఇదే. తటస్థుడి ఇంటికి పోయేది నాయకుడు కాదు, మీరు. మీకు ఊరిలో మర్యాద ఉండాలి, పార్టీలో మీ మాట వినాలి. కాంట్రాక్టులూ పంచాయితీలూ మాత్రం వేరే సంగతి. అవి దక్కిన కార్యకర్తను చూసి 180 మంది దూరం జరుగుతారు.

కుర్రోళ్ల మాట నిలిచే చోట్లు కూడా ఉన్నాయి. కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు మిరప చేలకూ పత్తి చేలకూ కుటుంబాలు కుటుంబాలే పోతాయి. పోలింగ్ నాటికి వాళ్లు ఊళ్లో ఉండటం, ఉండకపోవడం మీదే అక్కడ చాలా ఆధారపడుతుంది. ఫోన్ చేసి పిలవండి, పేరు లిస్టులో ఉందో లేదో ముందే చూసిపెట్టండి. ఓటర్లను తేవడానికి బండ్లు అద్దెకు కట్టడం మాత్రం చట్టం ఒప్పుకోదు, దాని మీద ఎన్నికే రద్దు కావచ్చు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక ఇంకోటి. అక్కడ ప్రతిసారీ కొత్తగా ఫారం 18 నింపి ఓటు నమోదు చేయించాలి, ఆ తిరుగుడంతా కార్యకర్తదే. కానీ 2023లో మన కడప–అనంతపురం–కర్నూలు స్థానం ఫలితం రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాకే తేలింది. అంటే మొదటి ఓటు వేరేవాళ్లకు వేసినవాళ్లు కూడా మిమ్మల్ని రెండోచోటుకైనా ఒప్పుకోవాలి. తిట్టి ఆ ఓటు తెచ్చుకోలేరు.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా ఇంట్లో నాలుగు ఓట్లు. ఒకసారి ఇటు, ఒకసారి అటు వేశాం, ఏ కండువా కప్పుకోలేదు. పెన్షన్ పని మీద ఒకచోటికి పోతే అక్కడున్నాయన ‘మీరు ఎవరి మనుషులు?’ అని అడిగాడు. ఎవరో ఒకరి వైపు చేరితేనే పనులవుతాయా సార్?
— ఒక గృహిణి

జవాబు: చేరొద్దమ్మా. ఆ ప్రశ్న అడగడం తప్పు, దానికి మీరు జవాబు చెప్పాల్సిన పని లేదు. అర్జీ కాగితం మీద రాసివ్వండి, రసీదు నంబరు తీసుకోండి. కదలకపోతే సోమవారం కడప కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ఆ నంబరుతో అక్కడికి పోండి. అప్పటికీ తేలకపోతే నా అర్జీ ఏమైందని సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఓట్లడగడానికి ఈసారి ఎవరొచ్చినా, ఏ పార్టీ అయినా సరే, గుమ్మంలోనే నిలబెట్టి ఆ మాట గురించి అడగండి. వచ్చిన కార్యకర్త ఏం సమాధానం చెప్తాడో విన్నాకే మీ నాలుగు ఓట్ల సంగతి ఆలోచించండి.