ఉగాండా పోయే తమ్ముడికి టీకా కార్డు ఒక్కటే చాలదు

ఉదయగిరి నుంచి మీ తమ్ముడు బోర్ల రిగ్గు పనికి 3 నెలలు ఉగాండా పోతున్నాడు, ఇంకా 22 రోజులే ఉంది, ఏజెంటేమో ఎల్లో ఫీవర్ (దోమకాటుతో వచ్చే ఒక వైరస్ జ్వరం) సూది వేయించుకుంటే చాలంటున్నాడు, నిజమేనా అని అడిగారు. చాలదమ్మా. ఎయిర్‌పోర్టులో అడిగేది ఆ కార్డే కాబట్టి ఏజెంటు దాని గురించే చెప్తాడు. అక్కడ మనిషిని పడగొట్టేది మలేరియా. దానికి మందు తీసుకున్నావా అని ఏ కౌంటర్లోనూ అడగరు.

అయినా ముందు కార్డు పనే చూడండి, దానికి తేదీ లెక్క ఉంది. సూది వేసిన 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది. ఈ టీకా ఊళ్ళో ప్రైవేటు ఆస్పత్రిలో వేయించుకుంటే పనికిరాదు, కేంద్ర ప్రభుత్వం గుర్తించిన సెంటర్లోనే వేయించాలి. నెల్లూరు వైపు వాళ్ళకు చెన్నై దగ్గర. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, వేరేచోట పోర్ట్ హెల్త్ ఆఫీసు ఉంది. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలో ఉన్న ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). పోయే ముందు ఫోన్ చేసి రోజు ఖాయం చేసుకోండి. ఒక సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది, కలిపాక కొన్ని గంటల్లోనే వాడెయ్యాలి, అందుకని వారంలో కొన్ని రోజులే వేస్తారు. ఊరికే రైలెక్కి పోతే ఒక రోజు దండగ.

ఒరిజినల్ పాస్‌పోర్టు వెంట ఉండాలి. కార్డు చేతికి రాగానే అక్కడే నిలబడి చూసుకోమనండి: పేరు పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే ఉందా, పాస్‌పోర్టు నంబరు, టీకా బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం, సెంటరు ముద్ర, తన సంతకం. వీటిలో ఒక్కటి ఖాళీగా ఉన్నా ఇమిగ్రేషన్ దగ్గర ఇబ్బందే. 2016 జులై నుంచి ఈ కార్డు జీవితాంతం చెల్లుతుంది, పదేళ్ళకోసారి మళ్ళీ వేయించాలన్నది పాత మాట. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ చూస్తారు. లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అందుకని కార్డు పెద్ద సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో ఉండాలి.

ఇది బతికున్న వైరస్‌ను బలహీనం చేసి తయారుచేసిన టీకా. కోడిగుడ్డు తింటే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి ఊపిరాడని వాళ్ళు, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో వాడేవాళ్ళు, 60 దాటినవాళ్ళు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. ఆ రోజు జ్వరం ఉంటే వాయిదా వేస్తారు, కాబట్టి చివరి వారం దాకా ఆగొద్దు.

ఇక మలేరియా. నెల్లూరు దోమల మధ్య పెరిగినవాళ్ళం, ఆ దోమలు మమ్మల్నేం చేస్తాయి అని మన పిలకాయలు నవ్వుతారు. దోమకాటు అలవాటైనంత మాత్రాన మలేరియాకు రక్షణ రాదు. అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం రకం. మందు ఆలస్యమైతే ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకో కిడ్నీలకో ఎక్కగలదు. ఇక్కడి నుంచి క్లోరోక్విన్ బిళ్ళలు కట్టించుకుని పోవడం దండగ, ఆఫ్రికాలో ఆ క్రిమికి అది పనిచెయ్యదు.

రాకుండా వేసుకునే బిళ్ళలు మూడు రకాలు, మూడింటికీ డాక్టరు చీటీ కావాలి. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకొకటి: బయల్దేరే ముందు 1-2 రోజుల నుంచి మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఇంకో 28 రోజులు. మీ తమ్ముడి లెక్కలో 2, 90, 28 కలిపి 120 బిళ్ళలు. అన్నీ ఇక్కడే కొని, అట్టల్లోనే ఉంచి, చీటీతో పాటు తీసుకుపోవాలి. చాలామంది తప్పు చేసేది ఆ చివరి 28 రోజుల దగ్గరే, ఇంటికొచ్చేశాం కదా అని ఆపేస్తారు. క్రిమి ముందు కాలేయంలో దాక్కుని తర్వాత రక్తంలోకి దిగుతుంది, డాక్సీ దాన్ని పట్టుకునేది రక్తంలోనే. వచ్చే రోజు కుట్టిన దోమకు కూడా ఆ 28 రోజులు కావాల్సిందే.

చవకైనదీ అదే, కానీ ఎండలో పనిచేసేవాడికి చిక్కు ఉంది. చర్మం త్వరగా కమిలిపోతుంది. గుక్కెడు నీళ్ళతో మింగి వెంటనే పడుకుంటే బిళ్ళ గొంతు కింద అతుక్కుని పుండు పడుతుంది. అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని అరగంటైనా కూర్చోవాలి. గ్యాస్ బిళ్ళ, ఐరన్ బిళ్ళ దాంతో కలిపి వెయ్యకూడదు, మందు ఒంటబట్టదు. రిగ్గు మీద పగలంతా ఎండలో ఉండేవాడికి నేనైతే అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రాయమని డాక్టర్ని అడగమంటాను. ఖరీదు ఎక్కువే, కానీ తిరిగొచ్చాక 7 రోజులు వేసుకుంటే చాలు. నూనో పాలో ఉన్న తిండితో వేసుకుంటేనే ఒంటబడుతుంది. మూడోది మెఫ్లోక్విన్, వారానికొకటి. మూర్ఛ, డిప్రెషన్ ఎప్పుడైనా ఉన్నవాళ్ళు దాని జోలికి పోకూడదు.

బిళ్ళ వేసుకుంటున్నా దోమతెర మానకూడదు. ఆ దోమ పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కుడుతుంది, రిగ్గు పనేమో రాత్రిళ్ళు కూడా నడుస్తుంది. మందు పట్టించిన తెర కొని, అంచులు పరుపు కిందికి దోపాలి. మన ఇళ్ళల్లో లాగా కింద వేలాడదీస్తే ఆ సందులోంచే దోమ లోపలికి దూరుతుంది. ఒంటికి 20-30 శాతం డీట్ (దోమల్ని దగ్గరికి రానివ్వని మందు) ఉన్న క్రీము, సన్‌స్క్రీన్ రాసుకుంటే దాని మీద.

టైఫాయిడ్ టీకా ఒక డోసు, పోయే 2 వారాల ముందే వేయించండి, 22 రోజుల్లో ఇంకా టైముంది. టెటనస్ పదేళ్ళలో వేయించుకోకపోతే అది కూడా, ఇనుముతో పనిచేసేవాడు కదా. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్లు ఒక పది పెట్టండి. ఒక ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలోనే కలపాలి. సగం గ్లాసులో చిక్కగా కలిపితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి.

చెరువులో ఈదే అలవాటుంటే అక్కడ మానమనండి. విక్టోరియా సరస్సు ఒడ్డున నీళ్ళు తేటగానే కనిపిస్తాయి, కానీ ఒక రకం నత్తల నుంచి వచ్చే సన్నటి పురుగు చర్మంలోంచే లోపలికి పోతుంది. బిల్హార్జియా అంటారు. ఆ నీళ్ళలో కాళ్ళు కడుక్కున్నా చాలు, అంటుకుంటుంది. ఇది కొన్ని వారాల తర్వాత బయటపడుతుంది, టీకా లేదు.

ఇంటికొచ్చాక జ్వరం వస్తే, మూడు నెలల తర్వాతైనా సరే, ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని పడుకోకూడదు. మన దగ్గర జ్వరమంటే ముందు వైడాల్ (టైఫాయిడ్ టెస్టు), తర్వాత డెంగీ టెస్టు చేస్తారు. డాక్టరు గదిలోకి పోగానే "ఉగాండా నుంచి వచ్చాను, మలేరియా టెస్టు చెయ్యండి" అని వాడే చెప్పాలి. అదే రోజు చేయించాలి. ఒకసారి నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో ఇంకో రెండుసార్లు.