బ్లాక్‌టెయిల్ జింక కనపడట్లేదని రైఫిల్ మార్చేస్తారా?

"అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం కోస్ట్ వైపు అడవుల్లో బ్లాక్‌టెయిల్ వేటకి వెళ్తున్నా, రోజుకి ఎనిమిది మైళ్లు తిరిగినా ఒక్క మగజింకా కనపడలేదు, పెద్ద స్కోప్ వేయించమంటారా, అసలు రైఫిలే మార్చమంటారా" అని అడిగారు. రైఫిల్ సంగతి తర్వాత చెప్తా. జబ్బు మీ ప్రశ్నలోనే ఉంది, ఎనిమిది మైళ్లు. ఆ అడవిలో రోజుకి ఎనిమిది మైళ్లు తిరిగేవాడికి జింక కనపడదండీ, జింకలకి మాత్రం ఆయన ఎనిమిది మైళ్ల పొడుగునా కనపడతాడు.

నేను ఈ రాష్ట్ర రాజధాని ఒలింపియా దగ్గర ఉంటా. పగలంతా కంప్యూటర్ ముందు ఉద్యోగం, సీజనొస్తే అడవి. మనవాళ్లకి ఈ మాట చెప్తే వింతగా చూస్తారు, మన దగ్గర 1972 చట్టం వచ్చాక వేట అంటే కేసు, జైలు, పేపర్లో ఫొటో, అంతే తెలుసు. ఇక్కడ చూస్తే 1972 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లయితే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసై, లైసెన్స్ కొని, ట్యాగ్ (కొట్టిన జింకకి తగిలించే చీటీ) కొని వెళ్లొచ్చు. ఆ క్లాసులో నా పక్కన పన్నెండేళ్ల పిల్లాడు కూర్చుని నాకంటే ముందు ఆన్సర్లు చెప్పాడు, అది వేరే కథ.

మీలాంటి చాలామందికి అసలు తంటా యూట్యూబ్‌తో. ఆ వీడియోలన్నీ మోంటానా, వయోమింగ్, లేకపోతే మన వాషింగ్టన్‌లోనే కొండలు దాటాక తూర్పు వైపు తీసినవి. గుట్ట మీద కూర్చుని బైనాక్యులర్‌తో మైలు దూరంలో మ్యూల్ డీర్‌ని చూసి, నాలుగొందల గజాల నుంచి కొట్టి చేతులు కలుపుకుంటారు. బ్లాక్‌టెయిల్ కూడా లెక్కకి మ్యూల్ డీర్ జాతే, దాంట్లో ఒక ఉపజాతి, కానీ బతికే చోటు వేరు కాబట్టి బుద్ధీ వేరు. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే ఇక్కడ ఒలింపిక్ పెనిన్సులాలో హో రెయిన్ ఫారెస్ట్ దగ్గర 3500 దాకా పడుతుంది (ఆ అడవి నేషనల్ పార్క్ లోపల ఉంది, అక్కడ వేట నిషేధం, దయచేసి తెలియక వెళ్లకండి). అంత వానకి ఏం పెరుగుతుందో మీరే చూసుంటారు, పైన డగ్లస్ ఫర్, హెమ్లాక్, సీడర్ చెట్లు, కింద నడుము దాకా సాలాల్ పొదలు, ఫర్న్‌లు, సాల్మన్‌బెర్రీ, మధ్యలో చెయ్యేస్తే ముళ్లు దిగే డెవిల్స్ క్లబ్. ముప్పై గజాల అవతల ఏనుగున్నా తెలీదు. అక్కడ పద్నాలుగు రెట్లు దగ్గరగా చూపించే స్కోప్ ఎందుకు, సాలాల్ ఆకు ఈనెలు లెక్కపెట్టడానికా?

ఇంకోటి, ఈ జింక అలికిడైతే పారిపోవాలని రూలేం లేదు. చాలాసార్లు కదలకుండా అక్కడే నిలబడి మీరు దాటిపోయేదాకా చూస్తుంది, తర్వాత మీ వెనకనుంచి జారుకుంటుంది. దాని తిరుగుడు కూడా పెద్దగా ఉండదు, తిండీ నీళ్లూ దాక్కునే చోటూ దగ్గర్లోనే దొరికితే చిన్న ఏరియాలోనే ఏళ్లకి ఏళ్లు గడిపేస్తుంది. కాబట్టి మీరు కొత్త కొత్త చోట్లకి పరిగెత్తడం కాదు, ఉన్నచోటే అది బయటికొచ్చేదాకా ఓపిక పట్టాలి. చెట్లు నరికిన క్లియర్‌కట్ చూసుకోండి, నరికి మూడు నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఉన్నది, అప్పుడే ఎండ తగిలి లేత చిగుళ్లు, బెర్రీ తీగలు వస్తాయి, జింకకి అదే భోజనం. పది పదిహేనేళ్లయితే నాటిన మొక్కలు దగ్గర దగ్గరగా ఎదిగి లోపల చీకటైపోతుంది, గడ్డి పోచ కూడా ఉండదు, అక్కడ పడుకుంటాయే గాని తినవు. తినే చోటికీ పడుకునే చోటికీ మధ్య అంచు ఉంటుంది చూశారా, మీ సీజనంతా ఆ అంచులోనే.

నాకు ఇది నేర్పింది మా పక్కింటి పెద్దాయన. ఉద్యోగం చేసినన్నాళ్లూ విల్లాపా హిల్స్‌లో చెట్లు నరికి రిటైర్ అయ్యాడు, మోకాళ్లు రెండూ పోయాయి, అయినా నవంబర్ వస్తే ఇంట్లో ఉండడు. నవంబర్ మధ్యలో లేట్ బక్ సీజన్ అని నాలుగు రోజులు ఉంటుంది కదా, ఆడజింకలు ఎదకొచ్చే టైమ్, మిగతా ఏడాదంతా చీకట్లో తప్ప తిరగని పెద్ద మగజింకలు అప్పుడు పట్టపగలు ముక్కు నేలకి ఆనించుకుని వాటి వెనకాలే పడతాయి. నన్ను తీసుకెళ్లిన రోజు, ముందు రాత్రంతా గాలివాన, నేనైతే పొద్దున్నే ఫోన్ చేసి ఇవాళ వద్దులెండి అందామనుకున్నా, ఆయన అప్పటికే ట్రక్ స్టార్ట్ చేసి మా ఇంటి ముందు ఉన్నాడు. గాలి తగ్గి వాన సన్నబడింది, రాత్రంతా ముడుచుకుని పడుకున్నవి ఇప్పుడు ఆకలికి లేస్తాయి, ఇంతకంటే మంచి రోజు దొరకదు అన్నాడు.

ఎప్పుడో వదిలేసిన లాగింగ్ రోడ్డు, దాని మీద ఇప్పుడు ఆల్డర్ చెట్లు మొలిచాయి, కింద నాచు. మూడడుగులు వెయ్యి, ఆగు, చుట్టూ చూడు, మళ్లీ మూడడుగులు. ఫుట్‌బాల్ గ్రౌండంత దూరం పోవడానికి గంట పట్టింది, నాకు చిరాకు. చివరికి క్లియర్‌కట్ అంచులో ఒక పాత సీడర్ మొద్దు పక్కన నన్ను నిలబెట్టి, కాస్త కిందుగా నాకు కనపడేలా తను కూర్చున్నాడు, ఇద్దరికీ ఆరెంజ్ చొక్కాలు (వాషింగ్టన్‌లో తుపాకీ సీజన్లో ఆరెంజ్ గాని పింక్ గాని తప్పనిసరి). వెళ్లేముందు నాకు చెప్పింది ఒక్కటే, జింక కోసం వెతక్కు, అడ్డగీత కోసం వెతుకు అని. అడవిలో మాను నిలువు, కొమ్మల నీడ నిలువు, వాన కూడా నిలువే, జింక వీపొక్కటే అడ్డం.

చాలాసేపు ఏం లేదు. మెడ వెనకనుంచి నీళ్లు లోపలికి దిగుతున్నాయి, కళ్లద్దాలు మసకబారుతుంటే ఊపిరి కిందికి వదులుతూ నిలబడ్డా. అప్పుడు నలభై గజాల్లో హకల్‌బెర్రీ పొద పక్కన ఒక ఆకు కదిలింది. చినుకు పడ్డ ఆకు కిందికి ఊగుతుంది, ఇది పక్కకి ఊగింది. మళ్లీ చూస్తే ఆకు కాదు, చెవి. నీళ్లు దులుపుకుంటోంది. ఆ చెవి పట్టుకుని చూస్తూ పోతే కన్ను, తర్వాత మెడ, తర్వాత ఆయన చెప్పిన అడ్డగీత, మొత్తం జింక అక్కడే ఉంది, ఎప్పట్నుంచి ఉందో దేవుడికే తెలియాలి. ఆడది. రెండు చిగుళ్లు కొరికి వెనక్కి తిరిగి చూసింది. పెద్దాయన చెయ్యి మెల్లగా పైకెత్తి ఆగమన్నాడు. ఆడది వెనక్కి చూసిందంటే ఏదో వస్తోందని, ఈ సీజన్లో అది మర్చిపోకూడదు. నిజంగానే ఫర్న్‌లు పక్కకి తోసుకుంటూ మెడ బాగా ఉబ్బిన మగది వచ్చింది, తల కిందికి పెట్టుకుని, తడిసి నల్లబడ్డ కొమ్ములు ఆ పొదల్లో కొమ్మలేవో కొమ్ములేవో తెలీకుండా. పక్కకి తిరిగినప్పుడు కాల్చా. ఒక్క గెంతు గెంతి సాలాల్‌లో పడింది, ఇంక చప్పుడు లేదు.

మామూలుగా అయితే అరగంట ఆగమంటారు, పుస్తకాల్లో కూడా అదే ఉంటుంది. వానలో ఆగితే నెత్తుటి జాడ మొత్తం కడుక్కుపోతుంది. వెంటనే వెళ్లాం, నేల మీద చూస్తే ఏమీ లేదు, నాకు గుండె జారింది. ఆయన నేల వైపు చూడనే లేదు, జింక ఒళ్లు రాసుకుపోయే ఎత్తులో సాలాల్ ఆకుల పక్కలు చూస్తున్నాడు, ఫర్న్ ఆకులు ఒక్కొక్కటీ తిరగేస్తున్నాడు. ఆకు పైన వాన కడిగేసింది గాని అడుగున గులాబీ రంగు నురుగు అలాగే ఉంది. నురుగంటే ఊపిరితిత్తులకి తగిలిందని, దూరం పోదని అన్నాడు. అరవై గజాల్లోపే, పడిపోయిన చెట్టు కింద దొరికింది, దాని పక్కనుంచే రెండుసార్లు దాటిపోయాం, తడిసిన జింక రంగూ పాత సీడర్ బెరడు రంగూ ఒక్కటే. ఒక్కో కొమ్ముకి మూడేసి కొమ్మలు. అక్కడే ట్యాగ్ వేసి, అది మగదని తెలిసే గుర్తు మాంసానికి అంటి ఉండేలా ఉంచి (రూల్, మర్చిపోకండి), ముక్కలు చేసి గుడ్డ సంచుల్లో వేసి మోసుకొచ్చేసరికి చీకటి పడింది. రోడ్డుకి అర మైలే, అయినా ఆ పడిపోయిన మానులు ఎక్కి దిగడంలో ప్రాణం పోయింది.

ఇక్కడ నా ఏడుపు కూడా కాస్త వినండి. మంచి క్లియర్‌కట్‌లు చాలావరకు కలప కంపెనీల చేతుల్లో ఉన్నాయి. పెద్దాయన కుర్రాడిగా ఉన్నప్పుడు గేట్లు తెరిచే ఉండేవట, ఇప్పుడు పర్మిట్ కొనాలి. నేను ఒక కంపెనీ పర్మిట్ కోసం పొద్దున్నే లాగిన్ అయి కూర్చుంటే తత్కాల్ టికెట్ కంటే ముందు అయిపోయింది. ఆ డబ్బులు చూస్తే నా లైసెన్సూ ట్యాగూ కలిపినా అంత కాలేదు. అదీగాక నరికాక నాటిన మొక్కలకి పోటీ రాకూడదని మందు కొడతారు, జింక తినేవన్నీ ఆ మందుకే పోతాయి, పశ్చిమ వైపు జింకలు పలచబడటానికి సగం కారణం అదేనని నా గట్టి నమ్మకం, కొందరు ప్యూమాలు (జింకల్ని తినే పెద్ద అడవి పిల్లులు) అంటారు, కొందరు 1990ల్లో మొదలైన పేలూ వెంట్రుకలు రాలే జబ్బూ అంటారు, అవీ ఉండొచ్చు. పర్మిట్ లేకపోతే బెంగపడకండి, డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) భూములున్నాయి, క్యాపిటల్ స్టేట్ ఫారెస్ట్ ఉంది, డిస్కవర్ పాస్ (రాష్ట్ర భూముల్లో బండి ఆపడానికి కొనే పాస్) తీసుకుని గేటు వేసిన రోడ్డు మీద నడిచి వెళ్లండి. గేటు వేసుంటే మంచిదే, ట్రక్‌లో కూర్చుని కాఫీ తాగుతూ వేటాడే బ్యాచ్ అక్కడికి రాదు.

డబ్బులు ఖర్చు పెట్టాలనుంటే బట్టల మీద పెట్టండి. ప్లాస్టిక్ రెయిన్‌కోట్ సాలాల్‌కి రాసుకుంటే చేసే చప్పుడు రెండు కొండల అవతలకి వినపడుతుంది, ఉన్ని ప్యాంటూ ఉన్ని చొక్కా అయితే తడిసినా వెచ్చగా ఉంటుంది, చప్పుడుండదు. జీన్స్ అసలొద్దు. జాకెట్ గ్యారేజ్‌లో తగిలించండి, మనిళ్లల్లో ఇంగువ పోపు పెట్టినప్పుడు వంటింటి పక్కనుంటే ఆ జాకెట్ వేసుకుని ఎంత కదలకుండా నిలబడ్డా దండగే, జింక ముక్కు ముందు మన వేషాలేం చెల్లవు. తెల్లారుజామున చల్లగాలి కొండ మీంచి కిందికి దిగుతుంది, పొద్దెక్కాక పైకి మళ్లుతుంది, అది చూసుకుని నిలబడే చోటు మార్చుకోండి. రైఫిల్ కూడా రాత్రి వెచ్చటి గదిలోకి తేకండి, చల్లటి స్కోప్ అద్దానికి వెచ్చటి గాలి తగిలితే చెమరుస్తుంది. గొట్టం మూతికి ఒక చిన్న ఎలక్ట్రికల్ టేప్ ముక్క అంటించండి, వాన నీళ్లు లోపలికి పోవు, కాల్చినప్పుడు దాన్ని తీయక్కర్లేదు కూడా.

ఇక రైఫిల్. పెద్దాయనది పాత లీవర్ యాక్షన్ (చేత్తో లీవర్ లాగి తూటా ఎక్కించే రకం) థర్టీ-థర్టీ, స్కోప్ లేదు. నాది 308 (ఈ రెండూ తూటా రకాల పేర్లు), దానికి రెండు నుంచి ఏడు దాకా చూపించే చిన్న స్కోప్, అదీ ఎప్పుడూ రెండు మీదే ఉంటుంది. మీ దగ్గరున్నది ఏదైనా సరిపోతుంది, యాభై గజాల్లో మీ తుపాకీ పేరేంటని జింక అడగదు.

వండటం గురించి ఎవరో కింద కామెంట్లలో అడిగారు, కొవ్వు మొత్తం తీసేయండి, లేకపోతే చల్లారాక నోట్లో మైనంలా అంటుకుంటుంది. మేకమాంసానికి వేసినట్టు నూనె తక్కువేస్తే పీచైపోతుంది. కాళ్ల ముక్కలు కుక్కర్‌లో మెత్తగా ఉడికించి గోంగూరలో వేస్తే బాగుంటుంది, వీపు పక్క మెత్తటి మాంసం మాత్రం కుక్కర్ పాలు చేయకండి, మిరియాలు, వెల్లుల్లి వేసి పెనం మీద రెండు నిమిషాలు చాలు. మా ఆవిడ మొదట్లో ఇదంతా గ్యారేజ్ ఫ్రిజ్ దాటి లోపలికి రానీయలేదు, ఇప్పుడు అక్టోబర్ నుంచే ఈసారి ఎప్పుడు వెళ్తున్నావని తనే అడుగుతోంది.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు నన్ను మెసేజ్‌లో అడగొద్దు. వీసా మీద ఉంటే మామూలుగా తుపాకీ పట్టుకోవడమే ఫెడరల్ నేరం, హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, కానీ వాషింగ్టన్ రాష్ట్రానికి వేరే రూల్స్ కూడా ఉన్నాయి, లాయర్‌కి ఫీజిచ్చి కనుక్కోండి, నేను గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ముట్టుకోలేదు. గ్రీన్ కార్డ్ ఉన్నా లేకపోయినా ట్యాగ్ కొన్నాక జింక దొరికిందో లేదో జనవరి 31లోపు రాష్ట్రానికి రిపోర్ట్ చేయాలి, ఏం దొరకలేదు కదా అని ఊరుకుంటే వచ్చే ఏడాది లైసెన్స్ కొనేటప్పుడు 10 డాలర్లు ఫైన్ వేస్తారు.